డూప్ లేని వీరులు

ప్రీ రిలీజ్ ఈవెంట్‌లో దర్శకుడు మైకు అందుకుంటాడు. "మా హీరో గారు ఒక్క షాట్‌లో కూడా డూప్‌ని పెట్టనివ్వలేదండీ!" ఈలలు. యాంకర్ గుండె మీద చెయ్యి వేసుకుంటుంది. షూటింగ్‌లో బెణికిన హీరోగారి చిటికెన వేలి ఫొటో అప్పటికే ఫోన్లలో తిరుగుతుంటుంది. మేడ మీంచి దూకిన మనిషిని మాత్రం ఫంక్షన్‌కి పిలవరు. పిలిస్తే చిక్కు కదా, వెనక నుంచి చూస్తే అచ్చు హీరోలాగే ఉంటాడు.

నాదొక చిన్న సందేహం. ఊరంతా ఉత్త తలతో బైక్ తోలే హీరో, ఆ బైక్ గాల్లోకి లేచే ఒక్క షాట్‌లోనే హెల్మెట్ ఎందుకు పెట్టుకుంటాడు? ట్రాఫిక్ పోలీసులు ఇన్నేళ్లు మొత్తుకున్నా రాని బుద్ధి ఫైట్ మాస్టర్ 'యాక్షన్' అనగానే ఎలా వచ్చింది?

పోనీ, నిజంగానే ఆయనే చేశాడనుకుందాం. ఆయన కాలు విరిగితే షూటింగ్ ఆగుతుంది, రోజు కూలీ మీద బతికే లైట్‌మెన్, జూనియర్ ఆర్టిస్టులు ఇళ్లలో కూర్చుంటారు. దీన్ని చప్పట్లు కొట్టి మెచ్చుకోవాలట! అయినా రోప్ షాట్‌లో లేచిన హీరో నడుముకి తాడుంటుంది, ఆ తాడు అవతలి కొసన ఫైటర్లుంటారు. తాడుని గ్రాఫిక్స్‌లో చెరిపేస్తారు, లాగినవాళ్లని ప్రెస్‌మీట్‌లో.

'షోలే'లో బసంతి టాంగా పరుగుని 1975 నుంచీ దేశం చూస్తూనే ఉంది. ప్రమాదమైన షాట్లలో పగ్గాలు పట్టింది డూప్‌గా చేసిన రేష్మా పఠాన్. టాంగా బోల్తాపడి దెబ్బలు తిన్నదీ ఆవిడే. ఆవిడ కథ 'ది షోలే గర్ల్'గా తెర మీదికి రావడానికి 44 ఏళ్లు పట్టింది. గబ్బర్ గుర్రాలు కూడా అంత నెమ్మదిగా నడవలేదు.

హాలీవుడ్ వాళ్లు మనకన్నా నయమనుకునేరు. 2020లో బ్రాడ్ పిట్ స్టంట్‌మన్ వేషం కట్టి ఆస్కార్ పట్టుకెళ్లాడు. నిజంగా స్టంట్లు చేసేవాళ్లకి అప్పటికి అక్కడ విభాగమే లేదు. 2025లో ప్రకటించారు, అదీ 2027లో విడుదలయ్యే సినిమాల నుంచి, నూరో ఉత్సవంలో ఇస్తారట. ఈ ఒక్క విషయంలో మనమే ముందు: 'పులిమురుగన్'కి ఫైట్ మాస్టర్ పీటర్ హెయిన్ 64వ జాతీయ అవార్డుల్లోనే స్టంట్ల పురస్కారం అందుకున్నారు. కాకపోతే పతకం మాస్టర్‌ది, పడ్డవాళ్లకి ఎప్పటిలాగే కట్లు.

2025 జూలైలో నాగపట్నం జిల్లాలో ఒక తమిళ సినిమా షూటింగ్‌లో కారు పల్టీ కొట్టించే షాట్ తీశారు. నడిపిన స్టంట్ కళాకారుడు ప్రాణాలు పోగొట్టుకున్నాడు. ఏళ్ల తరబడి ఎన్నో సినిమాల్లో కార్లు ఎగరేసిన మనిషి. ఆయన మొహం ఎలా ఉంటుందో మనలో చాలామందికి ఆ రోజే తెలిసింది.

సినిమా మొదట్లో జంతువులకి హాని జరగలేదని కార్డు వేస్తాం. మంచిదే. గుర్రాన్ని వాడాలంటే అనుమతి కావాలి, కాగితాలు కావాలి. దాని మీంచి పడ్డ మనిషికీ ఒక కార్డు వేస్తే ఏం పోయింది అంటారా? చాలా పోతుంది. ఎవరెవరు పడ్డారో పేర్లు రాయాల్సొస్తుంది. రాస్తే పోస్టర్ మీద హీరోగారి పేరు పక్కనున్న బిరుదు ఒకటి చెరిపెయ్యాలి. అది గ్రాఫిక్స్ వాళ్లకి ఇంకా చేతకాలేదు.