తాపకవచ పద్యము – టీకాతాత్పర్య సహితము

పొగల గొట్టమునకుఁ బొరుగున నుండెడు
తైలపాత్ర వేడిఁ దాళలేదు;
అడ్డురేకుఁ గట్టి యంటనీయక యుంచి
మఱలు బిగియఁ గూర్ప మాన్యుఁ డగును.

అవతారిక: మూల మొకరిదియు వ్యాఖ్య వేఱొకరిదియు నగుట లోకమున నున్న మర్యాద. కోలాచల మల్లినాథసూరి కాళిదాసునకు వ్యాఖ్య వ్రాసెనే కాని కాళిదాసు పనిని తన నెత్తిన వేసికొనలేదు. అయినను, పాతకార్లను పునరుద్ధరించు శాస్త్రమున ఛందోబద్ధమైన మూల మెక్కడను కానరాకపోవుటచేతను, ఆ శాస్త్రమునకు గల కరదీపికలు విప్పుటను గూర్చి పుటలు పుటలు వ్రాసి, బిగించుట దగ్గఱకు వచ్చుసరికి విప్పిన వరుసకు ఎదురు వరుసలో కానిమ్మని యొక్క ముక్కతో చేతులు దులుపుకొనుటచేతను, రసగంగాధరమున ఉదాహరణములను సైతము స్వయముగా రచించుకొనిన జగన్నాథ పండితరాయల త్రోవ బట్టి, ఈ యాటవెలదిని నేనే కూర్చి నేనే వ్యాఖ్యానింప బూనితిని.

ప్రసంగము: 1962 మొదలు 1980 వఱకు ఇంగ్లండులోని ఆబింగ్డన్ కర్మశాలయందు నిర్మింపబడిన ఎంజీబీ యను రెండు పీటల స్పోర్ట్సు కారు ఇందు లక్ష్యము. దాని 1798 సీసీ ఇంజను బీఎంసీ వారి 'బీ సిరీస్' వంశమునకు జెందినది. మన అంబాసిడరు బానెటు క్రింద చిరకాలము గురగురలాడిన 1489 సీసీ ఇంజను ఆ వంశముననే ముందు పుట్టినది గనుక, తెలుగు పాఠకున కీ ప్రస్తావము కేవలము పరాయిది కాదు. ఈ వంశమునకు పుట్టుకతో వచ్చిన లక్షణ మొకటి కలదు. గాలియు పెట్రోలును లోనికి బోవు ద్వారములు రెండును, కాలిన వాయువు వెలికి వచ్చు ద్వారములు మూడును సిలిండరు హెడ్డునకు ఒకే ప్రక్కను, ఒకదాని సరసను ఒకటి తెఱచుకొనును. అందుచే చల్లగా నుండవలసిన కార్బురేటర్లు కుతకుతలాడు ఎగ్జాస్ట్ మానిఫోల్డునకు సరిగా పైన వ్రేలాడుచుండును. పద్యమున 'పొరుగు' అనినది ఈ దుస్సాంగత్యమునే.

టీక: పొగల గొట్టము = పోత ఇనుముతో చేసిన ఎగ్జాస్ట్ మానిఫోల్డు; వెనుక భాగమున నుండు సైలెన్సరని భ్రమపడరాదు. తైలపాత్ర = కార్బురేటరునకు ప్రక్కన తగిలించిన ఫ్లోట్ చాంబరు; తైల మనగా నిచట పెట్రోలు. ఆ కార్బురేటర్లు ఎస్‌యూ జాతివి. ఆ జాతికి మూలపురుషుడును, పాదరక్షల వ్యాపార కుటుంబమున జన్మించినవాడును నగు జార్జి హెర్బర్టు స్కిన్నరు తన తొలి కార్బురేటరులో తోలుతిత్తి నుపయోగించెనని వినినపుడు, కులవిద్య యెక్కడికి పోవునని నవ్వు వచ్చును. అది యప్రస్తుతము. వేడి తాళలేదు = పెట్రోలు ఏకద్రవ్యము కాక అనేక హైడ్రోకార్బనుల మిశ్రమ మగుటచే, అందలి తేలిక భాగములు నలుబది డిగ్రీల సెల్సియసు చేరువనే కాగి ఆవిరి కాజొచ్చునని భావము. అడ్డురేకు = ఎగ్జాస్ట్ మానిఫోల్డునకును కార్బురేటర్లకును నడుమ నిలుచు తాపకవచము, అనగా హీట్ షీల్డు. మిగిలిన పదములు సుగమములు.

'తాళలేదు' అను చోట కొంత తడవు నిలువవలయును. ఎప్పుడు తాళలేదు? బండి పరుగెత్తునపు డనుకొనుట సహజమే కాని నిజము కాదు. పరుగెత్తునపుడు ఫ్యాను గాలి విసరుచుండును; ట్యాంకునుండి చల్లని పెట్రోలు ఎడతెగక వచ్చి పాత్రను తడుపుచుండును. ఇంజను నాపిన మఱుక్షణమున ఆ గాలియు నిలుచును, ఆ ప్రవాహమును నిలుచును. వందల డిగ్రీల వేడిని కడుపున నింపుకొనిన పోత ఇనుము మాత్రము చల్లారుటకు తొందరపడదు. దాని వేడి యంతయు మీదికి లేచి తైలపాత్రను చుట్టుకొనును. యజమాని తేనీరు సేవించి పావుగంటకు తిరిగి వచ్చి స్టార్టరు త్రిప్పగా, ఇంజను దగ్గి, తుమ్మి, ఊరకుండును. అప్పుడాతడు బ్యాటరీని నిందించును, కాయిలును మార్చును, ప్లగ్గులను గీకును. ఇంతలో గంట గడచి, తైలపాత్ర తనంత తాను చల్లబడి, బండి కదలగా, గీకిన ప్లగ్గులకే ఆ కీర్తి దక్కును.

పూర్వపక్షము: రేకు ఇనుపది, ఇనుము వేడెక్కును, వేడెక్కిన రేకు తానే వేఱొక పొయ్యి యగును, కావున దీనిని తొలగించి, గాలి యథేచ్ఛగా ఆడనిచ్చుటయే మేలని కొందఱందురు. మఱికొందఱు, రేకు కార్బురేటరు మెడకే బిగింపబడుచుండగా 'అంటనీయక' యనుట వదతో వ్యాఘాత మందురు.

సిద్ధాంతము: ఇరువురును వేడి ప్రయాణించు త్రోవలను విడదీసి చూడలేదు. ఉష్ణవికిరణము సాక్షాత్తుగా తాకకయే దూకునది. దాని బలము నిరపేక్ష ఉష్ణోగ్రతయొక్క నాలుగవ ఘాతమును బట్టి పెరుగును గనుక, 327 డిగ్రీల సెల్సియసున నున్న ఇనుము 27 డిగ్రీలప్పటి కంటె పదునాఱు రెట్లు వెదజల్లును. దీని కడ్డు రేకే. ఉష్ణవహనము అంటుకొనిన చోట మాత్రమే సాగునది. దీని కడ్డు రేకు కాదు, ఎడము. మండువేసవిని బెజవాడ వీధిని నడచువాడు గొడుగును తలకు బెత్తెడు పైని పట్టుకొనునే కాని గుడ్డను విప్పి నెత్తికి అతికించుకొనడు గదా! రేకునకును మానిఫోల్డునకును నడుమ నుండు ఆ వేలెడు గాలియే తాపకవచమున ముఖ్యద్రవ్యము. రేకు ఆ గాలికి హద్దు చూపుటకై పెట్టిన గోడ. ఇది గ్రహింపక, వంగిన రేకును వంగినట్లే బిగించి, దాని యంచు మానిఫోల్డును ముద్దాడుచుండగా, కవచమున్నను ఫలము లేదని వగచువారికి ఈ పద్యము వ్రాయబడినది.

ఇక మెడ దగ్గఱి స్పర్శను గూర్చి. అది యనివార్యము, అనివార్య మగుటచేతనే నిర్మాత అచట వేఱు ఉపాయము పన్నెను. ఇన్లెట్ మానిఫోల్డు, ఒక గాస్కెట్టు, వేడిని సరిగా పాఱనీయని రెసిన్ దిమ్మ, మఱల గాస్కెట్టు, పిదప రేకు, ఇంకొక గాస్కెట్టు, ఆపైని కార్బురేటరు: ఇది క్రమము. అన్వయక్రమమున ఒక్క పదము తప్పినను అర్థము చెడును. ఇచట ఒక్క గాస్కెట్టు మఱచినను దొంగగాలి దూరి ఇంజను నిలుకడ చెడును. రేకు నడుమ పొర యగుటచే, దానిని మఱచి కార్బురేటర్లు రెండును బిగించిన వానికి, రెండును విప్పుట తప్ప గతి లేదు.

రేకునకు రంగు వేయవచ్చునా? సౌందర్యకాములు నల్లరంగు పూయుదురు. నలుపు వికిరణమును ఆబగా త్రాగును. మెఱుగు పెట్టిన అల్యూమినియము తనపై బడిన దానిలో సుమారు పదవ వంతును మాత్రమే గ్రహించి తక్కినది త్రిప్పి కొట్టును. నా యోటు మెఱుగునకే. పాత రేకులకు ఆస్బెస్టాస్ పొర యంటియుండుట కద్దు. దానిని పొడిగా గీకుటయు, ఉప్పుకాగితముతో రుద్దుటయు మహాదోషములు. ఆ ధూళి ఊపిరితిత్తులను జేరినచో విడువదు. బ్రిటను 1999లో దాని వాడుకను పూర్తిగా నిషేధించినది. అట్టి రేకు దొరకినపుడు ముట్టక, క్రొత్తది చేయించుకొనుట యుత్తమము.

'మఱలు బిగియ' అను చోట పాఠాంతరము కలదు. కొందఱు మెకానిక్కులు 'మఱలు విఱుగ' అను పాఠమును ఆచరణమున ననుసరింతురు. ఛందస్సునకు భంగము లేదు గాని కార్బురేటరు అంచునకు కలదు: మితిమీఱి బిగించినచో అల్యూమినియపు అంచు వంగి, గాస్కెట్టు నలిగి, గాలి చొరబడును. పైగా లోహము వేడికి సాగును. ముప్పది సెంటీమీటర్ల యుక్కు రేకు రెండువందల డిగ్రీలు వేడెక్కిన సుమారు 0.7 మిల్లీమీటర్లు పెరుగును. అల్యూమినియ మైనచో దాని కిబ్బడి. ఆ పెరుగుదలకు చోటు చూపని రేకు ఉబ్బి, తలవంచి, వలదన్న మానిఫోల్డునే పోయి తాకును. వదులుగా విడిచినచో ఒకానొక వేగమున తుమ్మెదవలె ఝుంకరించుచు ప్రయాణమంతయు పాడు చేయును. ఈ కారు మఱలు అంగుళపు కొలతల యూఎన్ఎఫ్ జాతివి గనుక, డబ్బాలో చేతికి దొరకిన మెట్రిక్ నట్టును బలిమిని త్రిప్పుట గూడ రెండవ పాఠమువారి సంప్రదాయమే.

మఱియు 'మఱలు' అనునది ఉపలక్షణము; దీనిచే స్ప్రింగులును గ్రాహ్యములు. ఎంజీబీలో థ్రాటిలును వెనుకకు లాగు స్ప్రింగుల క్రింది కొసలు తగిలించుకొనుటకు ఆధారము ఈ రేకు అడుగంచే. తాపకవచము నిష్ప్రయోజనమని పాఱవేసినవాడు, కాలు తీసినను వేగము తగ్గని బండిలో కూర్చుండి, దాని ద్వితీయ ప్రయోజనమును మలుపు దగ్గఱ తెలిసికొనును.

'మాన్యుఁ డగును' అనుట ఫలశ్రుతి. ఎవరికి మాన్యుడు? బానెటు తెఱచి చూచువారు మెఱయు కార్బురేటర్ల గుమ్మటములను మెచ్చుకొందురు. వాని వెనుక దాగిన రేకును ఎవరును చూడరు. ప్రదర్శనలలో బహుమతి దీనివలన రాదు. కావున మన్నించువాడు, మఱొకనాడు ఆ కార్బురేటర్లను విప్పవలసి వచ్చిన మెకానిక్కే యని నా మతము. వానికి నట్లు తుప్పున అతుకుకొనక ఒక్క పట్టున వదులు కావలయును. అందులకై మఱచుట్లకు రాగి గ్రీజు ఇంచుక పూయుట మూలమున కంఠోక్తిగా లేకున్నను, 'కూర్ప' అను క్రియలో ఇమిడి యున్నదని గ్రహించునది.