రెండు లక్షల కార్డు, ఒక కేవీఏ జనరేటర్

గచ్చిబౌలిలో ఫ్లాటు కొన్నవాడికి ఒక పూజగది, ఒక పార్కింగు, ఒక వాస్తు దోషం ఎలాగూ దక్కుతాయి. ఈమధ్య నాలుగోది కూడా చేరింది. వర్క్‌స్టేషన్. దాన్ని కంప్యూటర్ అంటే మా మేనల్లుడు నొచ్చుకుంటాడు. కంప్యూటర్ అనేది అమీర్‌పేట కోచింగ్ సెంటర్లో ఒకదాని ముందు ముగ్గురు కూర్చునే వస్తువనీ, తాను కట్టిస్తున్నది వేరే జాతి అనీ వాడి అభిప్రాయం.

వాడి ఉద్యోగం ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో. ఆఫీసువాళ్లు ల్యాప్‌టాప్ ఇచ్చారు. అందులోంచి ఎక్కడో ఉన్న సర్వర్లోకి లాగిన్ అయి, పని అంతా అక్కడే చేస్తాడు. వాడికి నిజానికి కావలసింది ఒక తెర, ఒక కీబోర్డు, తెగిపోని నెట్టు. అలాంటివాడు ఒక శనివారం వచ్చి, "మావయ్యా, ఇంట్లో వర్క్‌స్టేషన్ పెట్టుకుంటున్నా" అన్నాడు.

"దేనికిరా?"

"ఏఐ."

ఆ మాట వినపడ్డాక ఎదురు ప్రశ్న వెయ్యకూడదని మన ఊళ్లో ఒక కట్టుబాటు. ఇరవై ఏళ్ల కిందట "అమెరికా" అన్నా ఇంతే మర్యాద ఉండేది. నేనూ నోరు మూసుకున్నాను. మా అక్క కూడా మూసుకుంది. ఆవిడ నోరు మూయించిన మొదటి శాస్త్రం ఇదే.

మావాడు ముందుగా ఎక్సెల్ షీటు తయారుచేశాడు. ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు, ఎస్‌ఎస్‌డీ, కూలరు, క్యాబినెట్టు, ఎస్‌ఎంపీఎస్. ప్రతిదానికీ మూడు రకాలు, మూడు రేట్లు, ఆకుపచ్చా పసుపూ ఎరుపూ రంగులు. "ఈ మిషన్ మీద నేను చేసే పని" అనే గడి మాత్రం ఎంత వెతికినా కనపడలేదు. అడిగితే, "ఫ్యూచర్ ప్రూఫ్‌గా ఉండాలి మావయ్యా" అన్నాడు. భవిష్యత్తుకి ఎన్ని కోర్లు కావాలో వాడికి తెలుసు. పదహారు. అందుకే ఏఎండీ వాళ్ల రైజెన్ 9 9950ఎక్స్ తీసుకున్నాడు. పదహారు కోర్లు, ముప్ఫై రెండు థ్రెడ్లు. పైగా దాని సాకెట్టు ఏఎం5. 2022లో వచ్చింది, 2027 దాకా, ఆ తర్వాత కూడా ఆదుకుంటామని కంపెనీ మాటిచ్చింది. బోర్డు మార్చకుండా రేపు కొత్త ప్రాసెసర్ వేసుకోవచ్చన్నది దాని సుగుణం. మావాడు ఇప్పటిదాకా ఏ మిషన్లోనూ ప్రాసెసర్ మార్చిన పాపాన పోలేదు. ఉద్యోగాలు మాత్రం మార్చాడు, అదీ ఏ కంపెనీలోనూ మూడో పుట్టినరోజు కేకు కొయ్యకుండా.

కొనే మాట వచ్చేసరికి ఒక విచిత్రం తోచింది. ఇంటెల్, ఏఎండీ, ఎన్విడియా, క్వాల్‌కామ్, మైక్రాన్ - వీళ్లందరికీ ఈ హైదరాబాదులోనే ఇంజినీరింగ్ ఆఫీసులున్నాయి. చిప్పుకి బొమ్మ గీసేవాళ్లు, అందులో తప్పులు పట్టేవాళ్లు పొద్దున్నే మా లిఫ్టులోనే ట్యాగు మెళ్లో వేసుకుని దిగుతుంటారు. వాళ్లు గీసిన గీతలు తైవాన్ వెళ్లి పోతపోసుకుని, ఇంకెక్కడో పెట్టెకెక్కి, డాలర్లలో లెక్కతేలి, మన 18 శాతం జీఎస్టీ చెల్లించుకుని సికింద్రాబాద్ పార్క్‌లేన్‌కి చేరతాయి. అక్కడ చెనాయ్ ట్రేడ్ సెంటర్. సీటీసీ అంటే ఆటోవాడికి కూడా తెలుసు. గీసినాయనకు కూడా అది కావాలంటే రాయదుర్గంలో మెట్రో ఎక్కి, ప్యారడైజ్‌లో దిగి, నడుచుకుంటూ పోయి, "కొంచెం తగ్గించండి" అని బతిమాలాల్సిందే.

ఇదే ఊళ్లో 1967లో ఈసీఐఎల్ పెట్టారు. 1970లలో టీడీసీ-312, టీడీసీ-316 అని కంప్యూటర్లు తయారుచేసిన సంస్థ అది. ఇప్పుడు ఈసీఐఎల్ అంటే జనానికి బస్సు బోర్డు మీద పేరు. 1998లో సైబర్ టవర్స్ తెరుచుకున్నాక కంప్యూటర్ తయారుచెయ్యడం కంటే దాని ముందు కూర్చోవడంలోనే జీతం ఎక్కువని మనకి అర్థమైపోయింది. అందులో తప్పేం లేదు. లేకపోతే ఈ గుట్టల్లో చదరపు అడుగు ఇంత పలికేదా?

సరే, వెళ్లాం. షాపు కుర్రాడు మావాడి షీటు అందుకుని పైనుంచి కిందకి చూశాడు. తర్వాత మా ఇంట్లో ఎవరికీ అడగడానికి ధైర్యం చాలని ప్రశ్న అడిగేశాడు.

"ఏం పన్జేస్తరన్నా దీని మీద? ఎడిటింగా, క్యాడా, గేమింగా?"

"ఫ్యూచర్ ప్రూఫ్ కావాలి బ్రో."

"ఫ్యూచర్ స్టాకు లేదన్నా. ఉన్నదైతే ఇస్త."

ఆ కుర్రాడికి నేను అక్కడే ఒక దండం పెట్టాను, మనసులో.

ర్యామ్ దగ్గర రభస మొదలైంది. షీటులో ఉన్న రేటు చూసి అతను నవ్వాడు. "ఇది పాత రేటన్నా. ఇప్పుడు పొద్దుగాల ఒకటి, మాపటికి ఒకటి. బంగారం గూడ ఇట్ల ఉరకలే." కుర్రాడి తప్పేం లేదు. ఏఐ డేటా సెంటర్లు ప్రపంచంలో ఉన్న మెమరీనంతా ఊడ్చుకుపోతుండటంతో 2025 చివర్లో రేట్లు భగ్గుమన్నాయి. ఆ డిసెంబరులో మైక్రాన్ అయితే, క్రూషియల్ పేరుతో మామూలు జనానికి ర్యాములు, ఎస్‌ఎస్‌డీలు అమ్మే వ్యాపారాన్నే మూసేస్తున్నామని ప్రకటించింది. పెద్ద గిరాకీలుండగా మనబోటి వాళ్లకి పావుశేరు, అరశేరు తూచే ఓపిక ఎవరికుంటుంది? ఆ పెద్ద గిరాకీల్లో ఒకరు మన ఊళ్లోనే ఉన్నారు, అమెజాన్ క్లౌడ్ వాళ్ల కేంద్రాలు 2022 నుంచే హైదరాబాదులో పనిచేస్తున్నాయి. అంటే మావాడికి ర్యామ్ దొరక్కుండా చేసింది ఏఐ, మావాడు ర్యామ్ కొంటున్నదీ ఏఐ కోసమే. ఈ చక్రం ఎక్కడ మొదలైందో తెలీదు గాని, తిరిగే ప్రతిసారీ మా అక్క ఫిక్స్‌డ్ డిపాజిట్ ఒకటి విరుగుతోంది.

"రెండు పుల్లలు ఇప్పుడు కొంటా, తగ్గాక ఇంకో రెండు" అన్నాడు మావాడు. వినడానికి పొదుపుగానే ఉంది. ఈ జాతి డీడీఆర్5 బోర్డుల సంగతి వేరు. రెండు పుల్లలున్నప్పుడు 5600 వేగం అని ఏఎండీ కాగితం మీద రాస్తుంది. నాలుగు స్లాట్లూ నింపితే అదే కాగితం 3600 అంటుంది. డబ్బు రెట్టింపు పెట్టి వేగం మూడోవంతు తగ్గించుకోవడమన్నమాట. ఎక్కువ కావాలంటే మొదట్లోనే రెండు పెద్ద పుల్లలు కొనడం దారి. ఈ ముక్క కుర్రాడే చెప్పాడు. ముప్ఫై వీడియోలు చూసిన మావాడి కంటపడలేదు. ఆ వీడియోల్లో అందరూ పెట్టె విప్పుతారు, ఎవరూ రెండేళ్లు వాడరు.

ఇక గ్రాఫిక్స్ కార్డు. ఇక్కడ కాసేపు ఆగాలి, మా అక్క కూడా ఇక్కడే ఆగింది. మావాడు ఎంచుకున్నది ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 5090. 2025 జనవరిలో వచ్చింది. అమెరికాలో 1,999 డాలర్లన్నారు, ఇండియాలో మొదలు రేటు 2,14,000 అన్నారు. ఆ రేటుకి కొన్నవాడు నాకింకా తారసపడలేదు. దాని మీద 32 జీబీ మెమరీ. "డెబ్భై బిలియన్ల మోడల్ ఇంట్లోనే నడుపుతా మావయ్యా, ఎవడి సర్వరూ అక్కర్లేదు" అన్నాడు. నేను లెక్కల మాస్టారి కొడుకుని. వేలు మడిచి చూశాను. డెబ్భై బిలియన్ల అంకెలు. ఒక్కోదాన్ని మామూలుగా నొక్కితే నాలుగు బిట్లు, అంటే అర బైటు. డెబ్భైలో సగం ముప్ఫై అయిదు. కార్డులో ఉన్నది ముప్ఫై రెండు.

రెండు లక్షల పైచిలుకు పోసి మూడు జీబీల తేడాతో ఫెయిలయ్యాడు. మా కాలంలో ఇలాంటివాళ్లకి గ్రేస్ మార్కులు కలిపేవాళ్లు. ఎన్విడియా కలపదు. మిగిలిన భాగాన్ని మామూలు ర్యామ్‌లోకి తోసి నడపొచ్చు, నడుస్తుంది, నడక మాత్రం మెహదీపట్నం సిగ్నల్ దగ్గరి నడక. లేదా చిన్న మోడల్ పెట్టుకోవచ్చు. చిన్న మోడల్‌కి ఇందులో సగం ఖరీదు కార్డు చాలు. లేదా అవసరమైన గంటలకి క్లౌడులో అద్దెకు తీసుకోవచ్చు. ఈ మూడు మాటలూ చెప్పాను. "నీకు తెలీదు మావయ్యా" అన్నాడు. నిజమే, నాకు తెలీదు. గుణకారం తెలుసు.

ఎస్‌ఎస్‌డీ సంగతి టూకీగా ముగిస్తాను. జెన్ 5 రకం, సెకనుకి 14 జీబీలు చదువుతుంది. ప్రస్తుతం అందులో మా అక్క గృహప్రవేశం వీడియో ఉంది. సెకనులో సగంలో చదివేస్తుంది. మూడు గంటలూ చూడాల్సింది మాత్రం మనమే.

క్యాబినెట్ ఎంపికకి పట్టిన సమయం ప్రాసెసర్‌కి, ర్యామ్‌కి, బోర్డుకి కలిపి కూడా పట్టలేదు. మూడు పక్కలా అద్దం, లోపల రంగులు మార్చే ఫ్యాన్లు. స్విచ్చి వేస్తే ఖైరతాబాద్ మండపంలా వెలిగింది. ముందు భాగంలో అద్దం ఉంటే గాలి ఎటునుంచి వెళ్తుందని కుర్రాడు గొణిగాడు. జాలీ ఉన్న నల్ల పెట్టె చవగ్గా ఉంది, దుమ్ము వడకట్టే ఫిల్టరు కూడా ఉంది. దాన్ని మావాడు కన్నెత్తి చూడలేదు. గచ్చిబౌలి దుమ్ము సామాన్యమైంది కాదు. మా బాల్కనీ ముందే నాలుగు టవర్లు లేస్తున్నాయి, రెడీమిక్స్ లారీలు అర్ధరాత్రి కూడా తిరుగుతాయి. అద్దాల పెట్టెలో ఆ సిమెంటు నెల తిరక్కుండా బూడిదరంగు దుప్పటి పరిచింది. దీపాలు ఇప్పుడు పొగమంచులో వెలుగుతున్నట్టు ఇంకా అందంగా ఉన్నాయని మావాడు ఫొటో పెట్టాడు.

ఇంత పెట్టాక చేతిలో చిల్లర మిగిలింది. ఆ చిల్లరలోంచి కొన్నది ఎస్‌ఎంపీఎస్. అంటే పెట్టెలో ప్రతి తీగకీ తిండిపెట్టే వస్తువు. ఈ కార్డు ఒక్కటే నిండుగా పనిచేస్తే 575 వాట్లు తాగుతుంది. కంపెనీ వెయ్యి వాట్ల సప్లై పెట్టమంటుంది. మావాడు 750తో సరిపెట్టబోతే కుర్రాడు చెయ్యి పట్టుకున్నంత పనిచేశాడు. "అన్నా, లైట్లు తగ్గించుకో, దీంట్ల తగ్గియ్యకు. ఇది పోతే ఒక్కతే పోదు, అన్నిటిని దీస్కవోతది." ఫ్యాన్ల సెట్టు ఒకటి వాపసిచ్చి వెయ్యి వాట్లది తెచ్చుకున్నాడు. ఆ రోజంతటిలో పనికొచ్చిన నిర్ణయం అదొక్కటే, అది కూడా మాది కాదు.

"యూపీఎస్ రాసెయ్యమంటరా?"

"గేటెడ్ కమ్యూనిటీ బ్రో. హండ్రెడ్ పర్సెంట్ పవర్ బ్యాకప్."

ఆ మాట బిల్డరు బ్రోషరులో ఉంది. స్విమ్మింగ్ పూల్ బొమ్మ కింద.

మిషను ఇంటికొచ్చాక ఒకరోజు మావాడు మోడల్ ఎక్కించి, ఏదో రాత్రంతా నడవాల్సిన పని పెట్టాడు. గాలివానకి కరెంటు పోయింది. జనరేటర్ అందుకునే లోపల ఆ కొద్ది సెకన్లలోనే మిషను ఆరిపోయింది. సరే, అది ఊహించిందే. జనరేటర్ వచ్చింది. మళ్లీ వేశాడు, మళ్లీ పని పెట్టాడు. ఈసారి ఇల్లంతా చీకటి. ఎదురు ఫ్లాటులో లైట్లున్నాయి, మాకే లేవు. ఎలక్ట్రీషియన్ వచ్చి మీటరు గదిలో చూపించాడు. జనరేటర్ మీద ఫ్లాటుకు ఒక కేవీఏ పరిమితి. చేతికొచ్చేది ఎనిమిది వందల వాట్లకి అటూఇటూ. కార్డు, ప్రాసెసర్, ఫ్యాన్లు, రంగుదీపాలు కలిసి ఆ కోటా మొత్తం మింగేశాయి. ఫ్రిజ్ వచ్చి చేరేసరికి ట్రిప్పయింది. అక్క ఫ్రిజ్ తియ్యనివ్వదు, అందులో ఆవకాయ లేదుగాని ఇడ్లీ పిండి ఉంది. చివరికి రౌటర్ కోసం వాడే 600 వీఏ యూపీఎస్‌కి ఈ పెట్టెని తగిలించాడు. అది ఇవ్వగలిగేది మూడున్నర వందల వాట్లు. ఒకసారి పెద్దగా కూసి ప్రాణం విడిచింది.

మా కింది అంతస్తులో ఒక ఆర్కిటెక్టు గారున్నారు. ఇళ్ల బొమ్మలు త్రీడీలో రెండర్ చేసి బిల్డర్లకి ఇస్తారు, దాని మీదే సంపాదన. ఆవిడ మిషను చూద్దామని మావాణ్ణి తీసుకెళ్లాను. అయిదేళ్ల కిందటి ప్రాసెసర్, 64 జీబీ ర్యామ్, 12 జీబీల సెకండ్‌హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డు, జాలీ పెట్టె. పక్కన దానికంటే బరువైన యూపీఎస్. దీపాలు లేవు. "నా సాఫ్ట్‌వేర్‌కి ఇంత చాలని వాళ్లే రాశారు బాబూ, అంతే కొన్నాను. మిగతాది దీనికి పెట్టాను" అని మానిటర్ చూపించారు. రంగు తేడా లేకుండా చూపించే పెద్ద తెర. మావాడు ఆ తెర వంక చూసి, ఫ్రేములు సెకనుకి అరవయ్యేనా అని జాలిపడ్డాడు. ఆవిడ రెండర్ మధ్యలో ఉన్నారు, జవాబు చెప్పలేదు.

మావాడు ఓడిపోలేదు. తనకి సోలార్, ఇన్వర్టర్, లిథియం బ్యాటరీ కావాలంటున్నాడు. కొత్త ఎక్సెల్ షీటు తెరిచాడు. అందులోనూ ఆ గడి లేదు.

గచ్చిబౌలి, కొండాపూర్, నానక్‌రామ్‌గూడ వాసుల్లో వర్క్‌స్టేషన్ కట్టించబోయే వాళ్లకి ఒక మనవి. ప్రాసెసర్ గురించి నన్నడక్కండి, మావాణ్ణి అసలే అడక్కండి. జనరేటర్ మీద మీ ఫ్లాటుకి ఎన్ని వాట్లు రాసిపెట్టారో ముందు మీ సొసైటీ సెక్రటరీ గారిని అడగండి. మా సెక్రటరీ గారైతే ఆదివారం పొద్దున పదిన్నర దాటాకే ఫోనెత్తుతారు.