అతుకు పని

నేను లేసు సూదిని. జానెడు కూడా ఉండను. ముక్కు దగ్గర నా మందం ఒక మిల్లీమీటరు. ఆ ముక్కుకే చిన్న కొక్కెం ఉంది. దారాన్ని అందుకోవడం, ఉచ్చులోంచి ఇవతలికి లాగడం, మళ్ళీ అందుకోవడం, ఇదే నా బతుకంతా.

సగంలో ఆగిపోయిన పనుల గురించి చెప్పడానికి నాకంటే తగినవాళ్ళు లేరనుకుంటాను. లేసు అల్లికలో ఎప్పుడు చూసినా బతికున్న ఉచ్చు ఒక్కటే ఉంటుంది. వెనకవన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని బిగిసిపోయి ఉంటాయి. ఆ ఒక్క ఉచ్చు నా మెడలో ఉంటుంది. నన్ను లాగేసి దారం కొస పట్టుకు గుంజితే వారాల తరబడి అల్లిందంతా నిమిషాల్లో విడిపోయి దారమైపోతుంది. అల్లే మనిషి లేచి వెళ్ళిపోయినా నేను మాత్రం అందులోంచి కదలకూడదు. అలా ఏళ్ళ తరబడి ఒకే ఉచ్చులో నిలబడ్డ సూదిని నేను. ఉన్ని అల్లే సూదుల సంగతి వేరు. వాటి ఒంటినిండా ఉచ్చులన్నీ బతికే ఉంటాయి. ఒక్కటి జారిందా, ఆ వరస నిలువునా కిందికి దిగిపోతుంది. అందుకే ఆగిపోయిన స్వెట్టరుకంటే ఆగిపోయిన లేసు భద్రంగా ఉంటుంది.

నన్ను నర్సాపురం బజారులో కొన్నది అమ్మమ్మ. గోదావరి పాయ సముద్రంలో కలిసే ఆ ప్రాంతానికి ఈ అల్లిక 1844 ప్రాంతంలో వచ్చిందని చెబుతారు. స్కాట్లాండ్ నుంచి వచ్చిన మెక్‌రే అనే మిషనరీ దంపతులు అక్కడి ఆడవాళ్ళకు నేర్పారట. నేను వచ్చేనాటికి అది ఊళ్ళకు ఊళ్ళు పాకిపోయింది. మధ్యాహ్నం వంట ముగిసి గిన్నెలు కడిగాక అరుగుమీద నలుగురైదుగురు చేరేవారు. మాట మాటే, చెయ్యి చెయ్యే. అమ్మమ్మ నావైపు చూసేది కాదు. చూపు వీధిమీదా, మాట పక్కావిడతోనూ ఉంటే నేను మాత్రం ఆవిడ వేళ్ళ మధ్య తిరుగుతూ ఉండేదాన్ని. ఆవిడ బొటనవేలు ఆనిన చోట నా ఒళ్ళు అరిగి నునుపు తేలింది. ఇప్పటికీ ఎవరు పట్టుకున్నా వాళ్ళ వేలు తనంతట తానే ఆ చోటికే వెళ్తుంది.

అమ్మమ్మ అల్లేది పువ్వులు. పువ్వులే. బల్లగుడ్డ మొత్తం ఆవిడ ఎన్నడూ అల్లలేదు. ఒక ఇంట్లో పువ్వులు, ఇంకో ఇంట్లో అంచులు, ఇంకెక్కడో వాటన్నిటినీ కలిపే అతుకు పని. దారం ఇచ్చేదీ, అల్లింది పట్టుకుపోయేదీ ఏజెంటు. ఉతుకు, గంజి, ఇస్త్రీ అంతా షావుకారు దగ్గర. ఆవిడ చేతిలో పుట్టిన పువ్వు ఏ దేశంలో ఎవరి బల్లమీద పరుచుకుందో ఆవిడకు తెలియదు. అయినా తన పని సగంలో ఆగిందని ఆవిడ ఏనాడూ అనుకోలేదు. పువ్వు ముగిసింది, తన పని ముగిసింది.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఆ పనిని తీరిక పని అనేవారు. ఇంట్లో కూర్చుని చేసుకునేదే కదా అనేవారు. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు నర్సాపురం లేసు ఆడవాళ్ళ మీద రాసిన పుస్తకం 1982లో వచ్చింది. ప్రపంచ మార్కెట్టు కోసం రోజూ గంటల తరబడి పనిచేస్తున్నవాళ్ళను కేవలం గృహిణులుగా లెక్కగట్టడం వల్లే ఆ కూలి అంత తక్కువగా ఉండిపోయిందని ఆవిడ చూపించారు. అమ్మమ్మ వేళ్ళ మధ్య తిరిగినదాన్ని నేను. తీరిక ఎంతో, పని ఎంతో నాకు తెలుసు. 2024లో నర్సాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరుకు వచ్చిన గౌరవం అరుగుమీద కూర్చున్నవాళ్ళ చేతికి రూపాయల్లో కూడా అందాలని నా కోరిక.

అమ్మమ్మ తర్వాత నేను మనవరాలి చేతికి వచ్చాను. నాతోపాటు ఒక తెల్లటి సంచీ, దానినిండా విడి పువ్వులు, చివరి పువ్వులో నేను. ఏజెంటుకు ఇవ్వకుండా మనవరాలి పెళ్ళికి బల్లగుడ్డ చేయిద్దామని అమ్మమ్మ దాచినవి అవి.

మనవరాలిది బ్యాంకు ఉద్యోగం. మూడేళ్ళకో ఊరు. ఈ అమ్మాయికి ఒక గుణం ఉంది. ఏ ఊరు వెళ్ళినా అక్కడి మనుషులు చేతులతో ఏం చేస్తారో చూడందే నిద్ర పట్టదు. శ్రీకాళహస్తిలో ఉన్నప్పుడు ఆదివారాలన్నీ కలంకారీకే. గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరబెట్టడం, వెదురు పుల్లకు ఉన్ని చుట్టి కలం కట్టుకోవడం, తుప్పు ఇనుమూ బెల్లమూ నీళ్ళలో వారాల తరబడి ఊరిన కసిమితో గీత గియ్యడం నేర్చుకుంది. కరక్కాయ పట్టిన గుడ్డమీద ఆ గీత పడగానే నల్లబడేది. అది చూసిన ప్రతిసారీ చిన్నపిల్లలా సంబరపడేది. రాముడి పట్టాభిషేకం గీతలన్నీ పూర్తయ్యాయి. పటిక పూసి ఎరుపు ఎక్కించే వేళకు బదిలీ కాగితం వచ్చింది.

ధర్మవరం వెళ్ళాక నిమ్మలకుంట తోలుబొమ్మలు. మేకతోలును అద్దంలా పలచన చేసి, ఉలితో సన్నటి చిల్లులు కొట్టి, రంగులు వేసి, వెనక దీపం పెడతారు. ఒక దీపపు తొడుగుకు నాలుగు పలకలు కావాలి. రెండు అయ్యాయి. విజయవాడ వచ్చాక కొండపల్లి. తెల్ల పొణికి కర్రతో అంబారీ ఏనుగు. కాళ్ళు, తొండం, అంబారీ విడివిడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపంపొట్టు కలిపిన ముద్దతో అతికిస్తారు. మా ఇంట్లో ఆ ఏనుగు ఇంకా విడి భాగాలుగానే ఉంది. బీసెంట్ రోడ్డు కొట్లలో కొన్న మగ్గం చట్రం కూడా ఉంది. దానితోపాటు వచ్చిన ఆరి సూది నాకు దగ్గరి చుట్టం. దాని ముక్కుకూ కొక్కెమే. గుడ్డ అడుగునుంచి దారాన్ని పైకి లాగి గొలుసు కుట్టు వేస్తుంది.

ఇవన్నీ, నేనూ ఒకే ట్రంకు పెట్టెలో ఉంటాం. ఒకే పెట్టెలో ఉన్నా అన్నీ ఒకేలా ఎదురుచూడలేవు. పొణికి కర్ర తేమ తగలకుండా చూస్తే ఎన్నాళ్ళయినా ఉంటుంది. మేకతోలు వానాకాలంలో ముడుచుకుంటుంది. పాలు పీల్చిన గుడ్డకు చీమల భయం. మధ్యలో ఒకసారి రెజిన్ పోసి పళ్ళెం చేయడం కూడా మొదలుపెట్టింది. ఆ రెజిన్ అన్నిటికంటే కఠినం. అందులో హార్డెనర్ కలిపిన నిమిషం నుంచి అది ఎవరికోసమూ ఆగదు. సగం పోసిన రెజిన్ పళ్ళెం ఆ సగంతోనే రాయిలా గట్టిపడి పెట్టె అడుగున ఉంది. దాన్ని చూస్తే నాకు నిజంగా బాధ. అది మళ్ళీ మొదలవదు. నా ఉచ్చు అలా కాదు. నన్ను ఏ రోజు పట్టుకున్నా ఆ రోజే తర్వాతి కుట్టు.

ఇంటికి వచ్చినవాళ్ళందరూ ఆ పెట్టె చూసి ఒకే మాట అనేవారు. వాళ్ళమ్మగారైతే ప్రతి పండక్కీ అనేవారు, "ఒక్కటన్నా పూర్తి చెయ్యవే తల్లీ, అన్నిట్లో వేలు పెడతావు" అని. ఆ అమ్మాయి నవ్వేసి ఊరుకునేది, రాత్రి మాత్రం పెట్టె తీసి చాలాసేపు చూసుకునేది. నేను మాట్లాడగలిగితే వాళ్ళమ్మగారితో ఒక మాట చెప్పేదాన్ని. అమ్మా, మీ అమ్మాయి నేర్చుకున్న ఏ పనీ ఒక్క మనిషి మొదలుపెట్టి ఒక్క మనిషి ముగించేది కాదు. శ్రీకాళహస్తిలో గీత గీసేవారు ఒకరు, రంగులు నింపేవారు ఇంకొకరు, స్వర్ణముఖి పారే నీళ్ళలో ఉతికేవారు మరొకరు. కొండపల్లిలో చెక్కే చెయ్యి, రంగు వేసే చెయ్యి వేరు. నర్సాపురం సంగతి మీకే తెలుసు, మీరు ఆ అరుగుమీదే పెరిగారు. ఒక వీధంతా కలిసి చేసే పనిని ఈ పిల్ల ఒక్కతే బ్యాంకునుంచి వచ్చి, బాబు హోంవర్కు చూసి, మిగిలిన గంటలో చేస్తోంది. ఆగిపోయిందంటే ఆశ్చర్యమేముంది?

ఈ మాట ఆ అమ్మాయికి ఎవరూ చెప్పలేదు. తనకే తోచింది. సంక్రాంతికి నర్సాపురం వెళ్ళినప్పుడు తెల్ల సంచీ వెంట తీసుకెళ్ళింది. అందులో అమ్మమ్మ పువ్వులు, ఇన్నేళ్ళలో అప్పుడొకటి అప్పుడొకటిగా తను అల్లిన పువ్వులు. అమ్మమ్మతో కలిసి అరుగుమీద కూర్చున్నవాళ్ళలో అతుకు పని చేసే పెద్దావిడ ఒకరు ఇంకా ఉన్నారు. సంచీ ఆవిడ ముందు కుమ్మరించింది.

పెద్దావిడ కళ్ళజోడు తీసేసి ఒక్కో పువ్వునూ వేళ్ళతో తడిమి రెండు కుప్పలుగా వేరుచేశారు. "ఇవి మీ అమ్మమ్మవి. ఈ బిగువు ఇంకెవరికీ రాదు. ఇవి నీవా పాపా? చెయ్యి వదులు."

"ఆయ్, నావేనండి. రెండూ కలుస్తాయాండీ? సైజులు తేడాగా ఉన్నాయి."

"కలపడానికేగా మేమున్నది. బిగువు పువ్వుకు రెండు గొలుసులు ఎక్కువ వేస్తే సరి. పక్కపక్కన పెట్టను, ఒకటి విడిచి ఒకటి పెడతాను."

ఆవిడ తన సూది తీశారు. నాకంటే పాతది, పిడికి గుడ్డ చుట్టి ఉంది. ఆ పని చూస్తుంటే నాకు కలిగిన ఆనందం ఇంత అని చెప్పలేను. అమ్మమ్మ పువ్వు రేకునుంచి మనవరాలి పువ్వు రేకుకు గొలుసు సాగి, అక్కడ ముడిపడి, మళ్ళీ ఇటు వచ్చింది. కూలి ఎంతో ముందే మాట్లాడుకున్నారు. ఏజెంటు ఇచ్చేదానికంటే బాగా ఎక్కువ. ఆ అమ్మాయి బేరమాడలేదు. నాకు అన్నిటికంటే నచ్చిన విషయం అదే.

తిరిగి వచ్చాక ట్రంకు పెట్టె కొత్త చూపుతో సర్దింది. పట్టాభిషేకం గుడ్డను శ్రీకాళహస్తిలో తనకు నేర్పినవాళ్ళ దగ్గరికే పంపాలని విడిగా మడిచింది. ఎరుపు వాళ్ళు వేస్తారు, నీలం తను వేస్తుంది. ఏనుగు మాత్రం ఎవరికీ ఇవ్వదట. దానికి రంగులు వేసేది బాబు.

నర్సాపురం నుంచి పెద్దావిడ ఫోను చేశారు. నడిమి భాగం అయిపోయింది, నాలుగు మూలలకూ పువ్వులు చాలలేదట. "వదులుగానే అల్లు పాపా, నీ చెయ్యి మార్చుకోకు. మూలల్లో అదే బాగుంటుంది" అన్నారు. ఇప్పుడు నేను మొదటి మూల పువ్వులో మూడో రేకు దగ్గర ఉన్నాను. పక్కనే బొబ్బిలి వీణల మీద పేపర్లో వచ్చిన వ్యాసం కత్తిరించి పెట్టి ఉంది. ఒకే పనస దుంగలోంచి వీణ మొత్తం తొలుస్తారట. వచ్చే బదిలీకి విజయనగరం వైపు ఇమ్మని దరఖాస్తు పెట్టేసింది.