బ్రెజిల్ వాన, పొదిలి గొడుగు

పీటర్ సెంగే అనే అమెరికా ఆచార్యుడు 1990లో 'ది ఫిఫ్త్ డిసిప్లిన్' రాశాక, 'నేర్చుకునే సంస్థ' అన్న మాట బిజినెస్ స్కూళ్లలో మంత్రమైపోయింది. మా పశ్చిమ ప్రకాశం ఎంబీఏ కుర్రాళ్లు ఇప్పటికీ దాన్ని పది మార్కుల ప్రశ్న కింద బట్టీ పడుతున్నారు. సంస్థల సంగతేమో గానీ, గైడు మాత్రం ఏటా కొత్త అట్టతో వస్తోంది.

అలాంటి కుర్రాడొకడు సెలవులకు పొదిలి వచ్చి పెదనాన్నకు ప్రపంచీకరణ బోధించాడు.

"మార్కెట్‌ను బట్టి మనం మారాలి పెదనాన్నా!"

"ఇంకా ఏం మారమంటావురా?" అన్నాడాయన పొగాకు బేలు కుడుతూ.

అడగడా మరి! గుంటూరులో పొగాకు బోర్డు 1976లో వెలిసింది. ఆకు క్యూరింగ్ చేసే బ్యారన్‌కు రిజిస్ట్రేషన్ అంటే చేయించుకున్నాడు. ఇంతే పండించమంటే తలూపాడు. 1985లో వేలం వచ్చింది, నేర్చుకున్నాడు. తర్వాత అది కంప్యూటరెక్కింది, అదీ నేర్చుకున్నాడు. బ్రెజిల్‌లో వానలెలా ఉన్నాయో, జింబాబ్వేలో పంట ఏ మేరకు వచ్చిందో టీకొట్టు దగ్గర వాకబు చేస్తాడు. అక్కడ విరగపండితే ఇక్కడ ధర దిగుతుంది మరి. వేలంలో బయ్యరు బేలు ముందు ఆగి, ఆకు లాగి, నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని, పెదవి కదపకుండా పక్క బేలుకు పోతాడు. అది 'నోబిడ్'. బేలు తిరిగి బండెక్కి ఊరికొస్తుంది. రానుపోను కిరాయి రైతుదే. సిలబస్‌లో ఈ పాఠం లేదు.

పక్కనే పలకల మార్కాపురం. బడిపిల్లల చేతిలో పలక పోయి నోటుపుస్తకం వచ్చాక, అక్కడివాళ్లు అదే రాతిని టైల్స్‌గా కోసి విదేశాల గోడలకు పంపారు. వాళ్లను పిలిచి రెండు క్లాసులు చెప్పించొచ్చు కానీ, పాపం, పీహెచ్‌డీలు లేవు.

కాలేజీలు మారడం లేదంటే కళ్లు పోతాయి. కాలేజీ పేరు బోర్డు మీద 'గ్లోబల్' చేరింది. హెచ్‌ఆర్ పోయి బిజినెస్ అనలిటిక్స్ వచ్చింది. చెప్పే సారు ఆయనే, పీపీటీ అదే, జీతం మాత్రం ఎప్పుడొస్తుందో ఆయన్నడిగితే ఫీజు రీయింబర్స్‌మెంట్ వంక చూపిస్తాడు.

యాజమాన్యాలకు ఒక విన్నపం. ఇండస్ట్రియల్ విజిట్ పేరుతో పిల్లల్ని రామోజీ ఫిల్మ్ సిటీ తిప్పడం ఈ ఒక్క ఏడాదికి మానండి. వేలం సీజన్‌లో పొదిలి వేలం కేంద్రానికి తోలుకెళ్లండి. బస్సు డీజిలు కూడా కలిసొస్తుంది.