గూటికుండ కొలువు

నాది కుమ్మరి సారె మీద పుట్టుక. నాతో పాటు ఆవంలో కాలిన వాళ్లలో కొందరు బోనాలకు పోయి ఒళ్లంతా పసుపు పూయించుకున్నారు. కొందరు చలివేంద్రాల్లో తడిగుడ్డ చుట్టుకొని కూర్చున్నారు. నేను ఇంకా పచ్చిగా ఉన్నప్పుడే కుమ్మరి నా పక్కన రెండంగుళాల రంధ్రం కోశాడు. ఇక ఈ జన్మకు నీళ్లు లేవు, పెరుగు లేదు. చిల్లికుండ అని నవ్వేవాళ్లు నవ్వనీ, ఆ చిల్లే నా వాకిలి.

చార్మినార్ దగ్గరి ముర్గీ చౌక్‌లో పంజరాల నడుమ వేలాడుతుండగా ఒక తండ్రీ కూతురూ వచ్చారు. అమ్మాయికి రామచిలుక కావాలట. దుకాణందారు చెవులు పట్టుకున్నాడు. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం మన దేశపు చిలుకను పట్టినా, అమ్మినా, పెంచినా నేరమే. దాని బదులు ఆకుపచ్చవి రెండు లవ్ బర్డ్స్ చూపించాడు. హైదరాబాదులో అందరూ అలాగే పిలిచే ఆ పిట్టలు బడ్జెరిగార్లు. వాటి పుట్టిల్లు ఆస్ట్రేలియా నడిబొడ్డునున్న ఎండుభూములు. 1840లో జాన్ గూల్డ్ అనే పక్షిశాస్త్రవేత్త వాటిని ప్రాణాలతో ఇంగ్లండుకు చేర్చాడు. అప్పటినుంచి ఎన్ని తరాలు పంజరాల్లోనే పుట్టి పెరిగాయో! అక్కడి అడవిలో వాన పడి గడ్డి గింజ పట్టగానే ఇవి యూకలిప్టస్ తొర్రల్లో దూరి గుడ్లు పెడతాయి. ఇక్కడ ఆ తొర్ర ఉద్యోగం నాకిచ్చారు.

"ముక్కు పైన నీలంగా ఉన్నది మగది. గోధుమరంగు తిరిగి గరుకుగా ఉన్నది ఆడది. రెండిటికీ ఏడాది నిండింది" అని చెప్పి, నన్ను పాత పేపర్లో చుట్టి ఇచ్చాడు.

ఇంట్లో నానమ్మ నన్ను అటూ ఇటూ తిప్పి చూసింది. "ఓటికుండకు పైసలిచ్చినవారా?" అని కొడుకును అడిగింది. అమ్మాయి మాత్రం నన్ను ముద్దు చేసింది. ఆ ముద్దులో భాగంగా నా కడుపు నిండా దూది, కొబ్బరిపీచు కుక్కింది. బైండింగ్ వైరుతో నన్ను పంజరం పైభాగంలో బిగించి, నోటికి మూకుడు బోర్లించారు. ఆడపిట్ట లోపలికొచ్చి అంతా కలియజూసింది. తెల్లారేసరికి బాల్కనీ నిండా దూది, పీచు. ఇది మన పిచ్చుక కాదు, గూడు కట్టుకోదు. దానికి కావలసింది చీకటి, గట్టి నేల, నేల మధ్యలో కాస్త పల్లం. ఆ పల్లం నాకు పుట్టుకతోనే ఉంది. గుడ్లు ఎటూ దొర్లిపోకుండా నడిమికే చేరతాయి. పిల్లల కాళ్లు కూడా ఒంటి కిందే ఉంటాయి. అడుగు చదునుగా, నున్నగా ఉంటే లేత కాళ్లు చెరో పక్కకు జారి అలాగే బిగిసిపోతాయి. చెక్కపెట్టెలు అమ్మేవాళ్లు అడుగున గుంట తొలుస్తారు, లేదా రంపపు పొట్టు పోస్తారు. ఆ ఖర్చు నాతో లేదు.

మొదటి కాన్పు వట్టిపోయింది. గుడ్లు పెట్టింది, నిష్ఠగా పొదిగింది. వారం దాటాక అమ్మాయి ఫోను టార్చి ఆనించి చూసింది. జీవమున్న గుడ్డయితే అప్పటికి లోపల ఎర్రని నరాలు కనపడాలి. ఇవి పసుపుపచ్చగా, ఖాళీగా మెరిశాయి. ఫోన్లోనే దుకాణందారుకు చెప్పి ఏడ్చినంత పని చేసింది. మందేమైనా ఉందా అని అడిగింది అమ్మాయి తల్లి. లోపమెక్కడో నానమ్మే పట్టింది. ఆమె దేనికైనా వంక పెట్టి చూసే మనిషి. పంజరంలో పిట్టలు వాలే కొయ్యను వేలితో నొక్కింది. అది గిర్రున తిరిగింది. "ఇది గిట్ల ఊగుతుంటే జోడీ ఎట్ల నిలుస్తది?" అంది. కాలు ఆనక ఆ జోడీ కలయిక సగంలోనే తప్పిపోతోందన్న మాట. రెండు చివరలా గుడ్డపేలిక చుట్టి బిగించేశారు. అంతకు మించిన వైద్యం అక్కర్లేకపోయింది.

ఆ ఖాళీ గుడ్లు తీసేశాక ఇంట్లో చాలా మారింది. కొర్రలతో పాటు ఉడికించిన కోడిగుడ్డు, కొత్తిమీర, మొలకలు వచ్చాయి. సున్నం కోసం కటిల్‌ఫిష్ ఎముక వేలాడదీశారు. ఒంట్లో సున్నం చాలకపోతే గుడ్డు కడుపులోనే ఇరుక్కుని తల్లి పోతుందని పశువుల డాక్టరు చెప్పాడట. ఆయనే ఇంకో మాట కూడా చెప్పాడు. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే ఆవిరి మనుషులకు తెలియదు కానీ పిట్టను నిమిషాల్లో చంపేస్తుంది. వంటింటి కిటికీ మా బాల్కనీలోకే తెరుచుకుంటుంది. మర్నాటి నుంచి అట్లు ఇనుప పెనం మీద పడ్డాయి. అట్లు పెనానికి అతుక్కుంటున్నాయని తండ్రి సణిగాడు. అవి అతుక్కుంటేనే నా ఇంట్లో వాళ్లు బతికుంటారు.

మగపిట్ట ఆ రోజుల్లో నా వాకిట్లో కూర్చుని సన్నగా, తెంపు లేకుండా పాడేది. ఆ పాట వట్టి సరసం కాదు. అది వింటూ చీకట్లో ఉంటేనే ఆడదాని ఒంట్లో అండాలు ఎదుగుతాయని శాస్త్రవేత్తలు ప్రయోగాలు చేసి తేల్చారు. చీకటి నా వంతు, పాట అతని వంతు.

గుడ్లు రోజు విడిచి రోజు ఐదు వచ్చాయి. పొదిగేది ఆడదే. మగది తిన్న గింజలు కక్కి నా వాకిలి దగ్గరే ఆమె నోట్లో పోసేది. ఆమె పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి బయటికెళ్లి పెద్ద రెట్ట వేసి వచ్చేది. పొదిగే తల్లి గంటల తరబడి బిగబట్టుకుంటుంది మరి. అంత పెద్దది చూసి అమ్మాయి జబ్బనుకుంది. నేను మాత్రం ఆ శుభ్రతకు కృతజ్ఞుణ్ణి.

పద్దెనిమిదో రోజు దగ్గరపడుతుండగా ఒక గుడ్డులోంచి కీచుమంది. నా గోడకు ఆ శబ్దం తగలడం అదే మొదలు. పిల్ల తన ముక్కు మీది చిన్న మొనతో పెంకును చుట్టూ చెక్కుకుంటూ వచ్చి, టోపీ ఎత్తినట్టు పైభాగం తోసేసింది. రెండు గ్రాముల గులాబీ రంగు మాంసం ముద్ద. కళ్లు మూసే ఉన్నాయి, ఒంటి మీద నూగు లేదు. తల ఆ మెడకు మరీ బరువు. తల్లి దాన్ని వెల్లకిలా తిప్పి, ఆ చిన్న ముక్కును తన ముక్కుతో పట్టి పలచని ద్రవం పోసింది. కొన్నాళ్లకు ఆ ద్రవం చిక్కబడి గింజల్లోకి మారింది. చర్మం అద్దమంత పలచన కావడంతో మెడ కింది సంచిలో కొర్రలు ఒక్కొక్కటీ కనపడేవి. రాత్రి పడుకోబోయే ముందు ఆ సంచి నిండుగా ఉందో లేదో చూడటమే అమ్మాయి డ్యూటీ. నిండుగా ఉంటే తల్లి పని తల్లి చేస్తున్నట్టే. ఏదో పెట్టాలనే తహతహను అమ్మాయి ఆపుకోగలిగినందుకు నేను మెచ్చుకుంటాను. ఆపుకోలేక సిరంజితో మేత పట్టి, అది ఊపిరితిత్తుల్లోకి పోయి పిల్లలు చచ్చిన ఇళ్లు ఉన్నాయి.

"మనిషి చెయ్యి తగిలితే తల్లి మళ్ల ముట్టది" అని నానమ్మ బెదిరించింది. మిగతా పిట్టల సంగతేమో గానీ ఈ జాతి అంత పట్టించుకోదు. తల్లి బయటికెళ్లినప్పుడు పిల్లలను గుడ్డ పరిచిన గిన్నెలోకి తీసి, నా అడుగు గీకి, మళ్లీ లోపల పెట్టేవాళ్లు. ఇది చేయక తప్పదు. రెట్ట ఎండి పిల్లల గోళ్లకు, ముక్కులకు పట్టేస్తే అవి వంకరపోతాయి. నా గుండ్రటి కడుపులో చెంచా తిరగక అమ్మాయి తిట్టుకునేది. ఈ ఒక్క విషయంలో చెక్కపెట్టెదే పైచేయి. తలుపు తీసి తుడిచేస్తారు.

నాలుగే పిల్లలయ్యాయి, ఒక గుడ్డు పగల్లేదు. రోజు విడిచి రోజు పుట్టినందువల్ల పెద్దవాడి కళ్లు తెరుచుకునే వేళకు ఆఖరుదాని ఒంటికి ఇంకా చర్మమే దుప్పటి. మేత వచ్చినప్పుడు పెద్దవాళ్ల మెడలు ముందుకొచ్చేవి. తల్లి చిన్నదాన్ని వదల్లేదు, అడుగుకు చేరి దానికి విడిగా పోసేది. అయినా ఒక రాత్రి అది అందరి కింద పడిపోయింది. పొద్దున దాని సంచి ఖాళీగా ఉంది. నానమ్మ చిన్న కాగితంలో చుట్టి మందారం కుండీలో పాతింది. అమ్మాయి ఆ పూట బడికి పోలేదు. తల్లిపిట్ట మాత్రం మిగిలిన మూడింటినీ పొట్ట కిందికి లాక్కుని కూర్చుంది.

ఈకల ములుకులు విచ్చుకోవడం మొదలయ్యాక ఇంట్లో కొత్త గొడవ. రెండు పిల్లలు ఆకుపచ్చవి, ఒకటి ఆకాశనీలం! తల్లిదండ్రులిద్దరూ ఆకుపచ్చే. పక్కింటి పెద్దమనిషి మీసం కింద నవ్వి, మగపిట్టను చూసి పాపం అన్నాడు. అమ్మాయి లోపలికెళ్లి పదో తరగతి జీవశాస్త్రం పుస్తకం తెచ్చి మెండెల్ బఠాణీలు తెరిచింది. ఆకుపచ్చది బహిర్గతం, నీలం అంతర్గతం. ఇద్దరి దగ్గరా దాగిన నీలం ఉంటే నలుగురిలో ఒకరికి అది బయటపడే అవకాశం ఉంటుంది. పరీక్షలో ఆ ప్రశ్నకు ఆమెకు పూర్తి మార్కులు వచ్చాయో లేదో గానీ, మగపిట్ట పరువు దక్కింది.

నెల దాటాక పెద్దవాడు నా వాకిట్లో తల పెట్టి లోకాన్ని చూశాడు. చూసి లోపలికొచ్చాడు. మళ్లీ చూశాడు. తర్వాత ఒక ఉదయం కింద పడ్డాడు అనడమే సరైనది, ఎగిరాడని వాళ్లు చెప్పుకున్నా. అక్కడినుంచి తండ్రి పని మొదలైంది. బయటికొచ్చిన పిల్లలు సొంతంగా గింజ ఒలుచుకునే దాకా, అంటే ఇంకో వారం పది రోజులు, వాటి నోటికి మేత అందించింది అతనే. తల్లి అప్పటికే నాలో రెండో విడత గుడ్లు మొదలుపెట్టి, ఇంకా కదలని ఆఖరువాడి వీపు ఈకలు పీకుతోంది. ఖాళీ చెయ్యమని నోటీసు అది. దాన్ని చూసి అమ్మాయి తల్లిపిట్టను తిట్టింది. నేను తిట్టను, నాలో ఉన్న చోటు అంతే.

రెండో విడత పిల్లలు కూడా దిగేసరికి ఇంట్లో లెక్క మొదలైంది. పంజరం చాలదు. ఇంకో పంజరం కొందామంటే బాల్కనీ చాలదు. దుకాణానికి తిరిగి ఇచ్చేద్దామన్నాడు తండ్రి. ఏ ఇంటికి పోతాయో తెలియకుండా ఇవ్వనంది అమ్మాయి. కుండ కట్టే ముందే పిల్లలకు ఇళ్లు వెతకాలని నా మాట. నన్ను అమ్మేవాళ్లు ఆ మాట చెప్పరు, చెబితే బేరం పోతుంది. చివరికి ఇద్దరు స్నేహితురాళ్లకు, ఒక మేనత్తకు జంటలుగా పంచారు.  అన్నీ ఒకే తల్లి పిల్లలే కదా, అందుకని ఆ ఇళ్లవాళ్లు కుండలు కట్టకూడదని అమ్మాయి షరతు పెట్టింది. మేనత్త ఒప్పుకోలేదు. ఆమెకు పిల్లలను చూడాలని ఉందట. ఆమెకివ్వాల్సిన జంటలో ఒకదాన్ని ముర్గీ చౌక్‌లో మార్చుకురావడంతో ఆ తగువు తీరింది.

నన్ను దించేసిన రోజు ఆడపిట్ట వైరు కొరికింది, అమ్మాయి వేలు కూడా కొరికింది. కుండ కళ్లెదుట ఉన్నంతకాలం అది పెడుతూనే ఉంటుంది, ఒంట్లో సున్నమంతా గుడ్లకే పోస్తుంది. ఇప్పుడు దానికి కొన్ని నెలలు సెలవు. నన్ను సలసలకాగే నీళ్లతో కడిగి డాబా మీద ఎండకు బోర్లించారు. మేనత్త నిన్న ఫోను చేసి, తనకు కుండ ఎక్కడ దొరుకుతుందని అడిగింది. కుండ సంగతి తర్వాత చెప్తానని, ముందు కొయ్య ఊగుతుందో లేదో చూసి చెప్పమని నానమ్మ జవాబిచ్చింది.