బోర్డెటెల్లాకు మంచి పోస్టింగ్

బోర్డెటెల్లా బ్రాంకిసెప్టికా అనే సూక్ష్మజీవికి ఇన్నాళ్లూ మన దగ్గర సరైన పోస్టింగ్ లేదు. జనగామైనా, మహబూబాబాద్ అయినా, భూపాలపల్లి అయినా వీధికుక్క బతుకంతా ఆరుబయటే. కుక్కలకు దగ్గు అంటించే ఈ క్రిమి బాగుపడాలంటే కిక్కిరిసిన గది ఉండాలి, గాలి ఆడకూడదు, అందరికీ ఒకటే నీళ్ల గిన్నె ఉండాలి. పాపం, వీధిలో ఇవన్నీ ఎక్కడ దొరుకుతాయి? ఆ కొరత తీర్చే బాధ్యత ఇప్పుడు ప్రభుత్వాల మీద పడింది.

2025 నవంబర్ 7న సుప్రీంకోర్టు ఒక ఉత్తర్వు ఇచ్చింది. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు, క్రీడా ప్రాంగణాల్లోని వీధికుక్కల్ని పట్టి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి షెల్టర్లకు తరలించాలి. పట్టిన చోట మళ్లీ వదలకూడదు. అదే ఏడాది ఆగస్టు 22న అదే కోర్టు, రేబిస్ ఉన్నవాటినీ మీదపడి కరిచేవాటినీ మినహాయించి మిగతావాటిని పట్టిన చోటే వదలమంది. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు చెప్పేదీ అదే. బస్టాండు కుక్కకో రూలు, బజారు కుక్కకో రూలు అన్నమాట. తాము ఏ పరిధిలోకి వస్తామో కుక్కలకు తెలియదు, మున్సిపల్ సిబ్బందికి తెలిసి తీరాలి. భూపాలపల్లివాళ్లు కొంత అదృష్టవంతులు. అక్కడ రైల్వే స్టేషనే లేదు కాబట్టి ఆ మేరకు పని తప్పింది.

కుక్కల బెడద అబద్ధం కాదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి దక్కడం దాదాపు అసాధ్యం. కోర్టు ఆందోళనను ఎవరూ ఎగతాళి చేయలేరు. ఎగతాళి చేయాల్సింది, నాలుగు గోడలు కట్టి పైన రేకులు వేస్తే షెల్టర్ అయిపోయినట్టేనన్న మన నమ్మకాన్ని.

ఆ నమ్మకం ఖరీదెంతో అమెరికావాళ్లకు తెలుసు. 2007 ఫిబ్రవరిలో లాస్ వేగాస్‌లోని ఒక పెద్ద షెల్టర్‌లో అంటురోగాలు చెలరేగితే, దాదాపు వెయ్యి జంతువులకు మరణ సూది వేయాల్సివచ్చింది. పార్వో, డిస్టెంపర్ వైరస్‌లతో పాటు ఊపిరితిత్తుల్లో నెత్తురు చిమ్మించే స్ట్రెప్టోకాకస్ జూఎపిడెమికస్ కూడా ఆ గుంపులో ఉంది. దాని ముందు బోర్డెటెల్లా చాలా మర్యాదస్తురాలు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్కను రెండు మూడు వారాలు దగ్గించి వదిలేస్తుంది. కూనలు, ముసలి కుక్కలు చిక్కితే మాత్రం న్యుమోనియా దాకా లాక్కెళ్తుంది. దగ్గు తగ్గాక కూడా వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి, ఆ కుక్క క్రిమిని పంచుతూనే ఉంటుంది.

ఇది పేదకుక్కల జబ్బేననుకుంటే పొరపాటు. సైబీరియా మంచులో బండి లాగడానికి పుట్టిన హస్కీ ఇప్పుడు జనగామ ఎండలో కూలర్ ముందు కాపురం చేస్తోంది. పది పదిహేను కూనలున్న చోట కొనడం, కారులో కుదుపుకుంటూ తేవడం, వారం తిరగకముందే ఎండు దగ్గు. దగ్గి దగ్గి చివర్లో కక్కబోయినట్టు చేసి తెల్లటి నురగ వదులుతుంది. యజమాని దాన్ని చంకనేసుకొని పశువుల దవాఖానకు ఉరుకుతాడు: “సార్, బొక్క ఇరికినట్టుంది, జర తీయుండ్రి!” ఆ కూన ఇంకా పాలూ బిస్కెట్టూ తప్ప ఏమీ ఎరగదు. “నైన్ ఇన్ వన్ సూది ఏయించిన గద సార్” అన్నది రెండో వాదన. ఆ సూదిలో పారాఇన్‌ఫ్లూయెంజాకూ అడినోవైరస్‌కూ రక్షణ ఉంటుంది. బోర్డెటెల్లాకు సాధారణంగా ఉండదు. దాని టీకా వేరు. ముక్కులో చుక్కలుగా వేసే రకం కూడా ఉంది.

భూపాలపల్లిలోనైతే ముందు బొగ్గు దుమ్మును తిడతారు. సింగరేణి ఉన్న ఊరు కదా, ఏ దగ్గయినా దాని ఖాతాలోనే.

దవాఖానకు వెళ్లనివారికి మెడికల్ షాపు ఉంది. కరోనా పుణ్యమా అని అజిత్రోమైసిన్ పేరు తెలియని గడప లేదు. మనిషికి పనిచేసింది కుక్కకు పనిచేయదా అన్నది తర్కం. జ్వరానికంటూ ఐబుప్రోఫెన్ కూడా వేస్తే కుక్క కడుపులో పుండ్లు పడి, మూత్రపిండాలు దెబ్బతిని, అసలు దగ్గు సంగతే మరుగున పడుతుంది. 2017లో వచ్చిన అంతర్జాతీయ పశువైద్య మార్గదర్శకాలు మాత్రం జ్వరం లేకుండా, బాగా తింటూ, చురుగ్గా ఉన్న కుక్కకు పది రోజుల దాకా యాంటీబయాటిక్ అక్కర్లేదంటాయి. అవసరం పడితే డాక్సీసైక్లిన్. పది రోజులు ఓపిక పట్టడమనే మందు మీద ఏ కంపెనీ కమీషన్ ఇవ్వదు గనుక, దానికి ప్రచారం లేదు.

ఈ క్రిమి వంశం చిన్నదేమీ కాదు. దగ్గరి చుట్టం బోర్డెటెల్లా పెర్టుసిస్, పిల్లల కోరింత దగ్గుకు కారణం. దాన్ని 1906లో వేరుచేసిన బెల్జియం శాస్త్రవేత్త జూల్స్ బోర్డే పేరే ఈ ఇంటిపేరు. చుట్టం కోసం ప్రభుత్వం పసిపిల్లలకు ఆరు, పది, పద్నాలుగు వారాలకు ఊరూరా టీకా వేయిస్తోంది. కుక్కల దగ్గు ఊసు మాత్రం ఏ ఎస్టిమేట్‌లోనూ కనబడదు. 1910 ప్రాంతంలో బ్రాంకిసెప్టికాను డిస్టెంపర్ వచ్చిన కుక్కల్లో చూసి ఆ నేరం కూడా దీని నెత్తినే వేశారు. అసలు దోషి వైరస్ అని అందరూ ఒప్పుకోవడానికి 1920లు రావాల్సివచ్చింది. చేతికి దొరికినవాడి మీద కేసు పెట్టే అలవాటు మన పోలీసులకే ఉందనుకోవడం అన్యాయం.

పశువైద్య హెల్ప్‌లైన్ 1962కు ఫోన్ చేయవచ్చు కదా అంటారా? 2017లో తెలంగాణలో గ్రామీణ నియోజకవర్గానికి ఒకటి చొప్పున వంద పశువైద్య వాహనాలు మొదలైన మాట నిజం. అవి ముఖ్యంగా పాడి పశువులు, మేకలు, గొర్రెల కోసం. పాలివ్వని, ఓటు లేని కుక్క ఆ వరుసలో ఎక్కడ నిలబడాలో ఎవరూ చెప్పలేదు.

మున్సిపల్ కమిషనర్లకు ఒక మనవి. షెల్టర్‌కు టెండర్ పిలిచే ముందు ప్లాన్‌లో గేటు పక్కన ఒక విడి గది గీయించండి. కొత్తగా పట్టుకొచ్చిన కుక్కను రెండు వారాలు అందులో ఉంచండి, నీళ్ల గిన్నె వేరుగా పెట్టండి, మిగతా గదులకు ఎదురెదురు కిటికీలు పెట్టించండి. శిలాఫలకం ఖర్చులో సగం చాలు.