‘ఆ’ అనమంటే ‘ఆయ్’ అంటారు

రాజమండ్రి దానవాయిపేటలో పళ్ల డాక్టర్ల బోర్డులు చూస్తే ఊళ్లో మనుషుల కన్నా పళ్లే ఎక్కువేమో అనిపిస్తుంది. నిజమే మరి, మనిషికి 32 చొప్పున లెక్కేస్తే ఎక్కువే. అందులో ఒక బోర్డు వెనక నేను అసిస్టెంటు పని నేర్చుకుంటున్నాను. మండపేటలో మా అమ్మ మాత్రం “మా అమ్మాయి పళ్ల డాక్టరు...” అని అక్కడితో ఆపేసి దగ్గుతుంది. మిగతాది వినేవాళ్ల ఇష్టం.

రాజానగరంలో జీఎస్ఎల్, లెనోరా, భీమవరంలో విష్ణు. డాక్టర్లను తయారుచేసే కాలేజీలకి మా వైపు లోటు లేదు. వాళ్ల పక్కన నిలబడే మాలాంటివాళ్లలో చాలామందికి క్లినిక్కే కాలేజీ. 1948 నాటి దంతవైద్యుల చట్టం డాక్టరునీ, హైజీనిస్టునీ, కట్టుడుపళ్లు చేసే మెకానిక్కునీ రిజిస్టర్లోకి ఎక్కించింది గానీ, సక్షన్ గొట్టం పట్టుకున్న మనిషిని పట్టించుకోలేదు. నోట్లో ఊరే అంత ఉమ్మీ ఎటు పోతుందనుకున్నారో!

మొదటి పాఠం గడియారం. పేషెంటు తలే గడియారం, నడినెత్తి దగ్గర పన్నెండు. డాక్టరు చోటు ఏడు నుంచి పన్నెండు దాకా, నాది రెండుకీ నాలుగుకీ మధ్య. పనిముట్లు చేతులు మారేది నాలుగుకీ ఏడుకీ నడుమ, గడ్డం కింద, పేషెంటు కంటపడకుండా. ఇదంతా ఉత్సాహంగా ఫోన్లో చెబితే, “రెండు నుంచి నాలుగింటి దాకానే అయితే పొద్దున్నే ఎనిమిదింటి బస్సెందుకే?” అంది అమ్మ.

పళ్లకి ఇక్కడ నంబర్లే. నోటిని నాలుగు భాగాలు చేసి, మూడో భాగంలో ఆరో పన్నుని 36 అంటారు. ముప్పై ఆరు అనకూడదు, ‘మూడు ఆరు’ అనాలి. అంటే కింద, ఎడమవైపు మొదటి దవడ పన్ను. పేషెంట్లకి ఈ లెక్కలేం పట్టవు. “ఇదిగో, తాపేశ్వరం కాజా కొరికితే జివ్వుమనేది” అంటారు. ఆ గుర్తు పట్టుకునే మా డాక్టరు సార్ సరిగ్గా ఆ పన్ను దగ్గరికి వెళ్లిపోతారు.

పనిముట్లు కడిగి, ఆరబెట్టి, సంచుల్లో మూసి, ఆటోక్లేవులో 121 డిగ్రీల ఆవిరి మీద 15 నిమిషాలు ఉంచాలి. ఎముకలు మెత్తబడేలా ఉడికించడానికి 1679లో డెనిస్ పాపిన్ చేసిన ఆవిరిపాత్రే దీనికీ, వంటింటి కుక్కరుకీ తాత. ఈ బంధుత్వం చెప్పకముందే అమ్మ పసిగట్టింది. “ఎన్ని విజిల్సు రావాలే?” అనడిగింది.

పళ్ల అచ్చు తీసే ఆల్జినేట్ పొడి సంగతి వేరు. ఎంతసేపట్లో గట్టిపడుతుందో డబ్బా మీద రాసినవాళ్లు మే నెలలో రాజమండ్రి రాలేదు. కుళాయి నీళ్లు పోసి కలిపితే ట్రేలోకి ఎక్కేలోపే గడ్డ కడుతుంది. అందుకే ఫ్రిజ్‌లో ‘అచ్చుల కోసం, తాగరాదు’ అని చీటీ అంటించిన సీసా ఉంటుంది. రోజూ దాన్ని ఎవరో ఒకరు తాగేస్తారు.

ఇవన్నీ చేయగా చేయగా వస్తాయి. గోదావరి మనిషి నోటితో నెగ్గడమే రాదు. మావాళ్లకి నోరు తెరవడం కష్టం కాదు, తెరిచి ఊరుకోవడం కష్టం. సార్ “ఆ అనండి” అంటారు. “ఆయ్!” అంటారు మర్యాదగా. ఆ ‘య్’ దగ్గర దవడ మూతపడుతుంది, సార్ వేలు లోపలే ఉంటుంది. దూది, అద్దం, గొట్టం అన్నీ నోట్లో ఉండగా కూడా కబుర్లు ఆగవు. “ఆఁ ఊ ఆఆ ఊఁ” అంటాడు పేషెంటు. సార్ నావైపు చూస్తారు. “వాళ్ల బావమరిదికీ పన్ను పుచ్చిందట సార్, ఇద్దరికీ కలిపి ఏమైనా తగ్గిస్తారా అని.” ఇది ఏ పుస్తకంలోనూ లేదు గానీ, నా జీతంలో సగం దీనికే అనుకుంటాను.

అసలీ ఉద్యోగం పుట్టిన కథ వేరే ఉంది. 1885లో అమెరికాలో, న్యూ ఆర్లీన్స్‌లో ఎడ్మండ్ కెల్స్ అనే దంతవైద్యుడు మాల్వినా క్యూరియా అనే అమ్మాయిని పనిలో పెట్టుకున్నాడు. లోపల ఒక ఆడమనిషి ఉంటే ఆడవాళ్లు తోడు లేకుండా ధైర్యంగా వస్తారని. ఆ సమస్య మాకు లేదు. ఒక్క పన్ను పీకించుకోవడానికి మామ్మగారు కోడల్నీ, మనవణ్నీ, పక్కింటావిణ్నీ, ఆటో అబ్బాయినీ వెంటేసుకొస్తారు. ఇంజక్షన్ చూసి పక్కింటావిడ కళ్లు తిరిగి పడిపోతుంది. మామ్మగారు కుర్చీలోంచి తల తిప్పి “దానికి సోడా ఇవ్వండర్రా” అంటారు, సార్ సిరంజి పట్టుకుని ఆగిపోతారు.

పన్ను తీశాక జాగ్రత్తలు చెప్పడం నా వంతు. దూది అరగంట గట్టిగా కొరికి పట్టాలి, ఉమ్మకూడదు, ఈరోజుకి వేడివేడివి వద్దు, స్ట్రా వద్దు, చుట్ట అసలొద్దు. ఉమ్మకూడదంటే మావాళ్లు నమ్మరు. వరదనీటికి పులస ఎదురెక్కే రోజుల్లో అయితే ముళ్ల చేప ఎలా తినడమని ఏకంగా పన్నునే వాయిదా వేస్తారు. ఆత్రేయపురం నుంచి వచ్చిన ఒక పెద్దావిడ మాత్రం నన్ను పక్కకి పిలిచి, “దూది తీసేశాక పూతరేకు తినొచ్చా తల్లీ? అది నమలక్కర్లేదు కదా” అన్నారు. సార్‌ని అడిగాను. ఐదేళ్లు చదివిన సార్ నోట మాట రాలేదు. ఇక నేనే తేల్చాల్సి వచ్చింది.

“మామూలు బెల్లందైతే రేపు తినండి మామ్మగారూ. జీడిపప్పూ బాదంపప్పూ వేసింది మాత్రం వద్దు, పలుకులు పన్ను తీసిన గోతిలో ఇరుక్కుంటాయి.”

ఆవిడ సంచిలోంచి డబ్బా తీసి నా చేతిలో పెట్టారు.

“అయితే జీడిపప్పువి మీ సారుకిచ్చెయ్యి. ఆయన పళ్లన్నీ ఉన్నాయిగా.”